మూడో గుంతలో ఆయిల్

గద్వాలలో రాయచూరు రోడ్డు మీద కారు మొరాయించి ఎవరినైనా అడిగితే కురుమయ్య షెడ్డే చూపిస్తారు. "చెయ్యి మంచిది" అంటారు. వెంటనే గొంతు తగ్గించి, "జర ఓపిక పట్టుండ్రి. బండి కన్నా ముందు మిమ్మల్నే అనుమానిస్తడు" అని కూడా అంటారు. రెండూ నిజాలే.

యాభై రెండేళ్ల కురుమయ్యకు కుడిచెవి దగ్గర ఎప్పుడూ ఒక నల్లటి మరక ఉంటుంది. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకొని, కళ్లు మూసుకొని వినడం వల్ల వచ్చిన మరక అది. సబ్బుతో ఎంత రుద్దుకున్నా పోదు. బండి తెచ్చినవాడు "నిన్నటిదాంక మంచిగనే ఉండె మేస్త్రీ" అంటే అతను తల కూడా ఎత్తడు. "నిన్న మంచిగున్నది ఇయ్యాల ఎందుకు చెడ్తది? ఎవని చేతికిచ్చినవో చెప్పు ముందుగాల" అంటాడు. పెట్రోలు బంకు మీద అనుమానం, ఇంతకుముందు చేసిన మెకానిక్ మీద అనుమానం, కారు కంపెనీ మీద అనుమానం. ఇంజన్ లోపం చెప్పే చిన్న మిషన్ ఒకటి కొన్నాడు గానీ దాన్నీ నమ్మడు. అది మూడో సిలిండర్ అని చూపిస్తే, పొగగొట్టం దగ్గర అరచెయ్యి పెట్టి, గాలి దెబ్బ ఎక్కడ తప్పుతోందో తనే లెక్కపెట్టుకున్నాక గానీ ఒప్పుకోడు. "ఈ డబ్బ చెప్పంగనే నమ్ముతే నాకు చెవులెందుకు?" అంటాడు.

"నన్ను చేసుకునే ముందు ఎన్ని ఊర్లల్ల అడిగిండో ఈ మనిషి" అని భార్య రాధ వచ్చినవాళ్ల ముందు దెప్పుతుంది. అందరూ నవ్వుతారు. కురుమయ్య నవ్వడు. నిజంగానే మూడు ఊళ్లలో అడిగాడు మరి.

ఈ గుణం ఊరికే రాలేదు. వాళ్లది తిమ్మాజిపేట దగ్గర వాన పడితేనే పండే చెలక. కురుమయ్యకు పదేళ్లప్పుడు తండ్రి ఎద్దును కొనడానికి పెబ్బేరు సంతకు వెంట తీసుకుపోయాడు. దళారి, తండ్రి తువ్వాల కింద చేతులు కలిపి వేళ్లతోనే బేరమాడారు. పైకి ఒక్క మాట లేదు. సంతలో చెంగు చెంగున గంతులేసిన ఆ ఎద్దు ఇంటిదారిలో కూలబడింది, మళ్లీ లేవడానికి రెండు రోజులు పట్టింది. ఏదో తాగించి నిలబెట్టారని తోవలో ఎవరో చెప్పారు. ఆ ఏడు దుక్కి సగమే అయింది. పిల్లవాడు ఆ రోజే తీర్మానించుకున్నాడు, ఎదుటివాడు నవ్వుతూ ఇచ్చే ప్రతిదాని వెనుకా ఏదో ఉంటుందని. మిగతా పిల్లలు సంత నుంచి మిఠాయి తెచ్చుకుంటే ఇతను ఈ బుద్ధి తెచ్చుకున్నాడు.

అలాంటివాణ్ణి గద్వాలకు తెచ్చి మనిషిని చేసింది బావ ఎల్లన్న. కురుమయ్య అక్క జానకమ్మ మొగుడు. బండ్ల విడిభాగాల దుకాణం ఆయనది. పదిహేనేళ్ల బామ్మర్దిని లారీ గ్యారేజీలో పనికి పెట్టాడు. తర్వాత కురుమయ్య సొంత షెడ్డు వేసుకుంటే తనే రేకులు మోశాడు. షెడ్డుకు నాలుగిళ్ల అవతలే ఎల్లన్న దుకాణం. ఎల్లన్న నిదానస్తుడు. ఏదైనా అడిగితే చేతులు చొక్కాకు తుడుచుకొని గానీ జవాబివ్వడు. విడి ఆయిల్ కూడా అమ్మేవాడు కాబట్టి ఆయన చేతులెప్పుడూ జిడ్డుగానే ఉండేవి. ఆయన ఇచ్చే ప్రతి డబ్బా మీదా వేలిముద్ర పడేది.

ఆ జిడ్డే ఆయన కొంప ముంచింది.

మూడేళ్ల కిందటి మాట. అయిజ దగ్గరి సర్కారు బడిలో లెక్కలు చెప్పే మాలతి టీచరు కారు ఇంజన్ మీద ఆయిల్ కారుతోందని తెచ్చింది. ఇంజన్ నెత్తిన ఉండే మూతను ట్యాపెట్ కవర్ అంటారు. దాని కింద ఆయిల్ తిరుగుతుంటుంది. మూత అంచుకు ఉండే రబ్బరు ప్యాకింగ్ ఎండిపోతే ఆయిల్ బయటికి వస్తుంది. కురుమయ్య బావ దుకాణం నుంచి ప్యాకింగ్ తెచ్చి, మార్చి, బిగించి, చుట్టూ తుడిచి ఇచ్చాడు. "నేను బిగించిన కవర్ కాడ చెమ్మ గూడ రాదు మేడం" అన్నాడు. బయట చెమ్మ రాలేదు కూడా.

అయిదు నెలలకు కారు కుంటుతూ వచ్చింది. ఎక్కువగా ఊగుతోంది, ఎత్తు ఎక్కనంటోంది. ఆ ఇంజన్‌కు నాలుగు సిలిండర్లు. ఒక్కో సిలిండర్ పైన లోతైన గుంత, గుంత అడుగున నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు, ప్లగ్గు మీద సీసాకు బిరడాలాగా, దానికి కరెంటు పంపే కాయిల్. నాలుగింట్లో ఒకటి మండకపోతే బండి మిస్సింగ్ కొడుతుంది. మండనిది మూడోదని తేలింది. తప్పు గుంతదా, కాయిల్‌దా అని పట్టడానికి కురుమయ్యకు ఒక పద్ధతి ఉంది. దాన్ని అతను జాగ మార్చుడు అంటాడు. మూడో గుంతలోని కాయిల్ తీసి ఒకటో గుంతలో పెట్టాడు, ఒకటోది మూడులో పెట్టాడు. స్టార్ట్ చేస్తే మిస్సింగ్ కూడా ఒకటికి మారింది. అంటే జబ్బు గుంతది కాదు, కాయిల్‌ది. తీసిన కాయిల్ రబ్బరు జిడ్డుగా ఉంది. గుంతలో గాలి కొట్టి, గుడ్డతో తుడిచి, బావ దగ్గర కొత్త కాయిల్ తెచ్చి వేశాడు. అక్కడి వరకు ఎవరి మీదా అనుమానం లేదు. కంపెనీ కాయిల్ కదా, వయసైంది.

కానీ బావ ఇచ్చిన కొత్త కాయిల్ కూడా నాలుగు నెలలకే పోయింది. ఎల్లన్న మారు మాట్లాడకుండా ఇంకొకటి ఇచ్చాడు. అదీ పోయింది. తీసి చూస్తే రెండింటి రబ్బరూ జిడ్డే. కురుమయ్య ఆ జిడ్డును వేలితో రాసుకొని, వాసన చూసి, డబ్బా మీది వేలిముద్రను చూశాడు. అంతే, లెక్క తేలిపోయింది. కొత్త కాయిల్‌కు ఆయిల్ ఎందుకుంటుంది? వాడిన కాయిల్‌కే ఉంటుంది. బావ ఎక్కడో తుక్కు బండ్లలో పీకిన కాయిళ్లు తెచ్చి, తుడిచి, కొత్త డబ్బాలో పెట్టి అమ్ముతున్నాడు. అనుమానం పెనుభూతం అంటారు గానీ, కురుమయ్యకు అది భూతంలా కనిపించలేదు. లెక్కల టీచరు బోర్డు మీద వేసిన లెక్కలా కనిపించింది.

రామన్న టీ హోటల్ దగ్గర మెకానిక్కులందరూ చేరే వేళ, చచ్చిన కాయిళ్లు రెండూ బల్ల మీద పెట్టాడు. "చూడుండ్రి మా బావ అమ్మే సామాను. ఆయిల్ల ముంచి తీసినట్టున్నది. ఇది కొత్తదట!" అన్నాడు.

బ్యాటరీల శివశంకర్ కాయిల్‌ను అటూ ఇటూ తిప్పాడు. "ఎల్లన్న గట్లాంటోడా?" అన్నాడు.

"తువ్వాల కింద ఏమున్నదో నాకు తెల్వదు. గిది చెప్తుంది" అన్నాడు కురుమయ్య.

సొంత బామ్మర్దే అన్నాడంటే నమ్మనిదెవరు? మర్నాటి నుంచి ఆ రోడ్డు మీది మెకానిక్కులు సామాన్ల కోసం రాయచూరుకు పోవడం మొదలుపెట్టారు. ఎల్లన్న షెడ్డుకు వచ్చాడు. చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. "కురుమయ్యా, సీలు నీ ముందలనే ఇప్పిన గదా" అన్నాడు.

"సీలు గూడ కొత్తది ఏస్తరు. నాకు తెల్వదనుకున్నవా?"

ఎల్లన్న ఇంకేదో చెప్పబోయి మళ్లీ చేతులు తుడుచుకున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే ఉందనుకున్నాడు కురుమయ్య. మంచివాడైతే అరవడా? తిట్టడా? ఆ మౌనాన్ని కూడా సాక్ష్యంగా రాసుకున్నాడు.

ఆరు నెలల్లో దుకాణం మూతపడింది. ఎల్లన్న, జానకమ్మ వనపర్తికి పోయి బస్టాండు వెనుక చిన్న షట్టర్ తీసుకొని మోటార్ సైకిళ్ల ట్యూబులు, నీళ్ల మోటార్ల బెల్టులు అమ్ముకుంటున్నారు. కాయిళ్లు అమ్మడం మానేశాడు. జానకమ్మ రెండు బతుకమ్మలకు తమ్ముడి గడప తొక్కలేదు. అక్క కోసం రాధ మొదటి ఏడు తెచ్చిన చీర బీరువాలో అలాగే ఉంది. అది కనిపించినప్పుడల్లా కురుమయ్యకు గుండెలో కలుక్కుమనేది. కానీ తప్పు చేసినవాళ్లు వాళ్లు, తనెందుకు పోవాలి? అక్క కూడా తెలిసే దాచిందేమో అని ఆమె మీద కూడా ఒక చిన్న అనుమానం పెట్టుకున్నాడు. అది ఉంటే నిద్ర పట్టడం సులువుగా ఉండేది.

మొన్న ఎండాకాలం సెలవులకు రెండు రోజుల ముందు, మాలతి టీచరు కారు మళ్లీ కుంటుతూ షెడ్డులోకి వచ్చింది.

మాలతి టీచరుది కూడా అనుమానం పాలు ఎక్కువే. మార్చిన పాత సామాను ఒక్కటీ మెకానిక్‌కు వదలదు. తేదీ రాసి, కవర్లో చుట్టి, డిక్కీలో గుడ్డ సంచిలో వేసుకుంటుంది. మొదటి నుంచీ ఆ పద్ధతి కురుమయ్యకు ఒళ్లు మంట. తనను అనుమానిస్తే ఎలా ఉంటుందో అతనికి ఆ సంచి ఒక్కటే గుర్తుచేసేది.

అతను మిషన్ పెట్టాడు. మూడో సిలిండర్. చెయ్యి పెట్టాడు, చెవి పెట్టాడు. మూడే. కాయిల్ జాగ మార్చాడు. మిస్సింగ్ కాయిల్ వెంట పోయింది.

"కాయిల్ పోయింది మేడం. హైదరాబాదుల గూడ డూప్లికేట్లే అమ్ముతుండ్రు" అన్నాడు.

మాలతి డిక్కీ తీసి సంచి తెచ్చి, దుకాణాల్లో కొన్న కాయిళ్లు ఏరి బెంచీ మీద పెట్టింది. రెండు ఎల్లన్న కాయిళ్లు, అప్పట్లో రామన్న హోటల్లో చూపించాక కురుమయ్య దగ్గర ఆమె అడిగి తీసుకున్నవే. తర్వాత రాయచూరు నుంచి తెప్పించినది ఒకటి. వాటి పక్కన ఇప్పుడు తీసిన కంపెనీ షోరూం కాయిల్ ఒకటి, హైదరాబాదులో బిల్లుతో సహా తనే పోయి కొన్నది. నాలుగింటినీ వరుసగా పేర్చింది. నాలుగింటి రబ్బరూ జిడ్డు పట్టి ఉబ్బి ఉంది.

"కురుమయ్యన్నా, జాగ మార్చి చూడాలె అని మీరే అంటరు గదా. నేను దుకాణం మార్చి చూసిన. మూడు దుకాణాలు మార్చిన. మిస్సింగ్ దుకాణం వెంబడి పోలే. అన్నీ మూడో గుంతలనే చచ్చినయి. మిగిలిన మూడు గుంతల కంపెనీ కాయిళ్లే ఇంకా నడుస్తున్నయి. తప్పు దుకాణందెట్ల అయితది?"

కురుమయ్యకు వెంటనే కోపం వచ్చింది. ఈమె ఇంజన్ల గురించి తనకు చెబుతుందా? తర్వాత కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు. నాలుగు కాయిళ్లనూ ఒక్కొక్కటే చేతిలోకి తీసుకున్నాడు. రాయచూరువాడి దుకాణంలో ఆయిల్ అమ్మరు. షోరూంవాడైతే చేతికి తొడుగు వేసుకొని ఇస్తాడు. మరి ఈ జిడ్డు ఎవరిది?

టార్చి తెచ్చి మూడో గుంతలోకి వేశాడు. ఇదివరకు ప్రతిసారీ గాలి కొట్టి, తుడిచి, ఆ తర్వాత చూసేవాడు. ఈసారి ముందే చూశాడు. ప్లగ్గు కనిపించలేదు. గోధుమరంగు ఆయిల్ నిలిచి, టార్చి వెలుతురుకు మెరిసింది. మిగతా మూడు గుంతలు ఎండు బావుల్లా పొడిగా ఉన్నాయి.

జాగ మారిస్తే జబ్బు ఎవరికుందో తెలుస్తుంది. జబ్బు పెట్టింది ఎవరో తెలియదు. ముప్పై ఏళ్లుగా ఈ పని చేస్తూ ఈ ఒక్క మాట అతనికి తోచలేదు. కాయిల్ పోయిన మాట నిజమే. కానీ అది పుట్టు రోగం కాదు. గుంతలోకి ఊరిన ఆయిల్‌లో నాని నాని, రబ్బరు మెత్తబడి, రవ్వ దారి తప్పి చచ్చింది. ఏ దుకాణం కాయిల్ వేసినా ఆ గుంతలో అది చావాల్సిందే.

ట్యాపెట్ కవర్ విప్పాడు. మూత తిరగేశాడు. మూత అడుగున నాలుగు గుంతల చుట్టూ నాలుగు చిన్న రబ్బరు రింగులు ఉంటాయి, ఆయిల్ గుంతల్లోకి దిగకుండా. అంచు ప్యాకింగ్‌తో పాటు వాటినీ మార్చాలి. ఒకటి, రెండు, నాలుగు ఎర్రమట్టి రంగులో మెత్తగా ఉన్నాయి. మూడోది నల్లగా ఉంది. గోటితో నొక్కితే దిగలేదు. వంచితే పుటుక్కున విరిగింది.

మూడేళ్ల కిందటి ఆ పూట కురుమయ్యకు ఇప్పుడు పూర్తిగా గుర్తొచ్చింది. బావ ఇచ్చిన ప్యాకెట్ విప్పితే రింగులు మూడే ఉన్నాయి. నాలుగోది ఏమైంది? బావే తీసుకొని వేరేవాడికి అమ్మి ఉంటాడనుకున్నాడు. పోయి అడిగితే, నువ్వే పోగొట్టుకున్నావంటాడు. ఆ మాట పడటం ఎందుకు? పాత రింగుల్లో కాస్త మంచిగా కనిపించిన ఒకదాన్ని తుడిచి మూడో గుంతకు పెట్టేశాడు. "నడుస్తది తీ" అనుకున్నాడు. ఆ అనుకున్న సంగతి కూడా మరిచిపోయాడు. తన కంపు తనకింపు.

"ఇది ఎవరు బిగించిండ్రు?" అంది మాలతి.

షెడ్డులో ఇంకెవరూ లేరు. ప్యాకింగే డూప్లికేట్ అని చెప్పొచ్చు. ఎండకు అలా అవుతుందని చెప్పొచ్చు. ఆమె అతనికేసి చూస్తున్న చూపు ఉంది చూశారా, అచ్చం అతను లోకాన్ని చూసే చూపే. దాని ముందు నిలబడటం ఎంత కష్టమో కురుమయ్యకు మొదటిసారి తెలిసింది.

"నేనే మేడం" అన్నాడు. "కొత్త రింగు ఒకటి తక్కువ పడితే పాతదే పెట్టిన. తప్పు నాది. ఎల్లన్న కాయిళ్లు మంచియే."

మాలతి ఆ విరిగిన రింగును కూడా కవర్లో వెయ్యబోయింది. "అది నాకియ్యుండ్రి మేడం. కాయిళ్లు గూడ" అని అడిగాడు. బండి బాగుచేసినందుకు పైసా తీసుకోలేదు.

మర్నాడు పొద్దున బస్సెక్కి, పెబ్బేరులో దిగి ఇంకో బస్సు మారి వనపర్తి చేరాడు. ఎల్లన్న షట్టర్ ముందు స్టూలు మీద కూర్చొని ట్యూబుకు గాలి కొట్టి చూస్తున్నాడు. రెండేళ్లలో జుట్టు మొత్తం నెరిసింది. బామ్మర్దిని చూసి లేవలేదు, పొమ్మనలేదు. చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. జిడ్డు లేని చేతులే. అలవాటు మాత్రం పోలేదు.

కురుమయ్య కాయిళ్లు, రింగు ఆయన ముందు పెట్టి అంతా చెప్పాడు. ప్యాకెట్‌లో మూడే ఉన్నాయని, నువ్వే ఒకటి తీసుకున్నావనుకున్నానని కూడా దాచకుండా చెప్పాడు.

ఎల్లన్న రింగును చేతిలోకి తీసుకున్నాడు. "నాలుగోది నా కౌంటర్ కిందనే పడ్డది. దుకాణం ఊడుస్తుంటే దొరికింది. నీకు ఫోన్ చేసిన, ఎత్తలే. తెల్లారి నీ షెడ్డుకే వచ్చిన. బండి పోయింది. ప్యాకెట్ల అన్నీ ఉన్నయా అని అడిగిన. ఎందుకుండవు, అన్నీ ఉన్నయంటివి."

కురుమయ్య అవును, అన్నాడు. "నువ్వు నన్ను పరీక్ష చేస్తున్నవనుకున్న బావా."

"నేనేం పరీక్ష చేస్త? రింగు జేబుల పెట్టుకొని వచ్చిన. అన్నీ ఉన్నయంటివి, గిది వేరే ప్యాకెట్లదేమో అనుకొని పోయిన."

షట్టర్ వెనుక గదిలో గిన్నెల చప్పుడు ఆగింది. జానకమ్మ బయటికి రాలేదు. గొంతు మాత్రం వచ్చింది.

"ఆడరాక మద్దెల ఓడన్నవు. పది మందిల అన్నవు. తప్పయిందనేది ఈడ, నాలుగు గోడల నడుమనా?"

"అక్కా..."

"రామన్న హోటల్ కాడ అన్నవు గదా. ఆడనే చెప్పు. చెప్పినంకనే నా ఇంట్ల నీళ్లు తాగు."

కురుమయ్య కాయిళ్లు, రింగు తీసుకొని తిరుగు బస్సు ఎక్కాడు. దారి పొడుగునా అతని భయం ఒక్కటే. అక్కడ చెబితే పేరు పోతుంది. కురుమయ్య చెయ్యి మంచిది అన్న మాట ఆ రోడ్డు మీద ఇక ఎవరూ అనరు. పాత రింగు పెట్టినోడు అంటారు. పోతే పోనీ అనుకునేసరికి గద్వాల వచ్చింది.

సాయంత్రం టీ వేళ అందరూ ఉన్నప్పుడు, అదే బల్ల మీద, అవే కాయిళ్లు పెట్టాడు. విరిగిన రింగు పెట్టాడు. "ఎల్లన్న సామాను మంచిదే. నా చేతిల తప్పు జరిగింది. పాత రింగు పెట్టిన, ఆయిల్ దిగి కాయిళ్లు చచ్చినయి. అప్పుడు నేనన్నది తప్పు" అన్నాడు. పేరు పోయే క్షణం కోసం ఊపిరి బిగబట్టుకొని చూశాడు.

పేరు పోలేదు. శివశంకర్ నవ్వాడు.

"అక్క ఏడ్చిందా అన్నా?"

"అక్క ఏడ్చుడేంది? నేను నిజం చెప్తున్న."

"నీ చేతిల ప్యాకింగ్ తప్పు పోతదా? ఎవరికి చెప్తవ్ అన్నా! బావ మల్ల దుకాణం తెరుస్తుండా ఏంది? గందుకేనా?"

రామన్న టీ వడపోస్తూనే, "నిప్పు లేంది పొగ రాదు లే" అన్నాడు.

కురుమయ్య రింగు ముక్క చూపించాడు. "గీ ముక్క చూడుండ్రి. ఎట్ల ఎండిందో."

"నాలుగు దినాలు రేకు మీద పెడితే ఏ రబ్బరైనా గట్లనే ఎండుతది" అన్నాడు ఇంకొకడు.

"టీచరమ్మను అడుగుండ్రి. ఆమె ముందలనే ఇప్పిన."

"ఆమెకు బండి ఉత్తగనే చేసిచ్చినవట గదా" అన్నాడు శివశంకర్. ఆ 'ఉత్తగనే' అన్న మాటను అటూ ఇటూ తిప్పి చూపించాడు, రెండేళ్ల కిందట కాయిల్‌ను తిప్పినట్టే.

కురుమయ్యకు ఒళ్లు మండిపోయింది. అరిచాడు. బల్ల గుద్దాడు. అరిచేకొద్దీ వాళ్ల చూపుల్లో జాలి పెరిగింది. "చూసినవా, ఎంత కోపమొచ్చిందో" అని ఒకడు పక్కవాడితో అన్నాడు. మౌనంగా ఉన్న ఎల్లన్నను అరవలేదేమని తను అనుమానించాడు. ఇప్పుడు అరుస్తున్నందుకు తనను అనుమానిస్తున్నారు. ఎలా ఉంటే నమ్ముతారు మరి?

వారం రోజులు షెడ్డుకు వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. కొందరు తలూపారు. కొందరు "ఇంటి సంగతి గదా, గట్లనే చెప్పాలె" అన్నారు. ఒకడైతే కన్ను కొట్టాడు. తిట్టినవాడు ఒక్కడూ లేడు. నమ్మినవాడూ ఒక్కడు లేడు.

ఎనిమిదో రోజు మళ్లీ వనపర్తికి పోయాడు. ఈసారి జానకమ్మే షట్టర్ ముందు నిలబడి ఉంది. లోపలికి రమ్మనలేదు.

"చెప్పినవా?"

"చెప్పిన అక్కా. ఆడనే చెప్పిన. వారం దినాల సంది చెప్తనే ఉన్న. ఒక్కడు నమ్ముతలేడు. రింగు చూపెట్టిన. ఒట్టు పెట్టిన. నేను మీ కోసం అబద్ధం చెప్తున్ననంటుండ్రు. నిజం చెప్పినా నమ్మకుంటే మనిషి ఏం చెయ్యాలె అక్కా?"

జానకమ్మ తమ్ముణ్ణి చూసింది. ఆమె కళ్లలో కోపం లేదు. ఉంటే బాగుండునని అతనికి అనిపించింది.

"నాకేం తెలుసు తమ్మీ" అంది. "మీ బావ నన్ను రోజూ గదే అడిగేటోడు."

కురుమయ్య రోడ్డు మీదే నిలబడిపోయాడు. జానకమ్మ లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. ఎల్లన్న స్టూలు అతని వైపు జరిపి, "కూసో" అన్నాడు. ఆ మాటలో ఇంకేమైనా ఉందా అని కురుమయ్య ఆయన మొహంలోకి చూడబోయి, చూడకుండానే కూర్చున్నాడు.